కర్త లేని వాక్యాలు

గురువారం సాయంత్రం ఆరున్నర.
అబర్డీన్ రేవు వెనక, పాత వలల గోదాము మేడమీద
పదకొండు కుర్చీలు.
గుండ్రంగా వెయ్యమంటుంది ఊనా గెడెస్.
మేం వేసేసరికి ఎప్పుడూ కోడిగుడ్డు ఆకారమే.
కోపం తగ్గించుకోడానికి వచ్చిన మగాళ్ళం
తలుపు దగ్గరి కుర్చీ కోసం
మాటల్లేకుండా కొట్టుకుంటాం.
ఐదోవారం ఒకడు తన కుర్చీని తన్ని వెళ్ళిపోయాడు.
దాన్ని ఇప్పటికీ వేస్తున్నాం.

డాక్టరు మందు రాసినట్టు
కోర్టు నాకు ఇరవై నాలుగు వారాలు రాసింది.
ఇది తొమ్మిదోది.

కాగితం మీద థర్మామీటరు బొమ్మ.
ఈ వారం కోపం ఎందాకా ఎక్కిందో గీత గియ్యాలి.
ట్రాఫిక్ వార్డెన్ ముక్కుని నుదుటితో గుద్దిన ఇన్నెస్
మూడు దగ్గర గీశాడు.
బల్లకింద అతని మోకాలు
కుట్టుమిషన్‌లా ఆడుతూనే ఉంది.
నేను నాలుగు వేశాను.
నాలుగు, ఎవరూ ఏమీ అడగని అంకె.

"ఆ రాత్రి ఏమైందో చెప్పు, డూగల్."

చెప్పాను.
మాటామాటా పెరిగింది. కోపం వచ్చింది.
చెయ్యి లేచింది. అద్దం పగిలింది.
ఆమె మణికట్టు విరిగింది.

ఊనా ఏమీ రాసుకోలేదు.
"ఇంత జరుగుతుంటే నువ్వెక్కడున్నావు?"

ఎవరో నవ్వారు.

"మళ్ళీ చెప్పు. ఈసారి నువ్వు కూడా ఉండు."

కోపం వచ్చింది అంటాం కదా,
ఎక్కడో బయల్దేరి, మెట్లెక్కి, తలుపు తట్టినట్టు.
మా నాన్నకీ వచ్చేది, శుక్రవారాలు, జీతంతో పాటు.
అమ్మ ముందే
పింగాణీ పళ్ళేలు పై అరలోకి ఎక్కించేది.
వాన మబ్బు చూసి బట్టలు తీసినంత మామూలుగా.
అది చుట్టం కాదని
నలభై మూడేళ్ళకి తెలుస్తోంది నాకు.
ఇంటిమనిషే.
నా బూట్లే దాని కాళ్ళకి సరిపోతాయి.

రేవులో క్రేను నడిపేవాణ్ణి.
ఇరవై టన్నుల పెట్టెని
చప్పుడు కాకుండా ఓడ కడుపులో దించిన చెయ్యి ఇది.
ఒక్క మాటని ఎత్తలేకపోయింది నోరు.
పగల, అన్నాను.
రేడియేటరు గొట్టంలో నీళ్ళు గులకరాళ్ళలా దొర్లాయి.
పగల,
పగలగొట్టాను.
అద్దాన్ని.

మిగతాది వచ్చేవారం అన్నాను.
సరేనంది ఊనా.
వచ్చేవారం పేజీ తీసి
నా పేరు పైన రాసుకుంది.

శనివారం. పిల్లల్ని చూపించే గది.
మూలన ఒకామె, ఒడిలో నోటుపుస్తకం,
తండ్రీకూతుళ్ళ కబుర్లు వినడం ఆమె ఉద్యోగం.
మా ఎఫీకి ఏడేళ్ళు.
గుర్రం బొమ్మకి తోక వేస్తోంది, నారింజ రంగుతో.
మోచెయ్యి తగిలి పాలగ్లాసు
బల్ల అంచు దాటింది.
ప్లాస్టిక్‌దే. పగల్లేదు కూడా.
అది ముందు చూసింది పాలకేసి కాదు,
నా చేతులకేసి.

"నేను కాదు నాన్నా. అదే పడిపోయింది."

నా వాక్యం.
పోలీసులకి, లాయరుకి, రాత్రుళ్ళు పైకప్పుకి
ఆరు నెలలు వల్లించిన నా వాక్యం
పాలపళ్ళు ఊడిన నోట్లోంచి.
నేను దాక్కోడానికి వాడుకున్న మాటనే
నా నుంచి దాక్కోడానికి వాడుకుంది.

చేతులు తొడల కింద పెట్టుకున్నాను.
పాలు నా బూటు దాకా వచ్చి ఆగాయి.
మూలన పెన్ను కదిలింది. ఏం రాసిందో.
గుడ్డ సింకు పక్కన ఉంది, నాలుగడుగుల దూరం.
లేవాలి.
లేస్తే బెదురుతుంది.

"గుడ్డ తేవడానికి లేస్తాను, ఎఫీ. మెల్లిగా."

నారింజ పెన్సిల్ రెండు చేతుల్తో పట్టుకుని
చాలాసేపు ఆలోచించింది.
తలూపింది.

లేచాను.